పాత కెమేరా – వైర్‌లెస్ కార్డు

(షోలాపురములోని మన పాఠశాల వార్షికోత్సవమున విద్యార్థులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు కూడిన సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచి నిలిచినచో పరీక్షా ఫలితములను గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో మాటలాడునని మీరు తలంతురు. ఆ రెండు విషయములును మీ చేతిలోని నివేదికలో అచ్చుపడియే యున్నవి. నేడు మేము ఒక చిన్న వస్తువును గూర్చి చెప్పదలచితిమి. దాని పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24 మిల్లీమీటర్లు, మందము రెండు మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ. తపాలా బిళ్ళయంత వస్తువన్నమాట. పాత కెమేరాలో దీనిని దూర్చినచో, అందు తీసిన ఫొటోలను తీగ లేకుండ ప్రక్కనున్న సెల్ ఫోనునకో కంప్యూటరునకో పంపును. దీనిని వైర్‌లెస్ మెమరీ కార్డు అందురు.

ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంత పెద్ద సభలో ప్రసంగమేల యని మీరడుగవచ్చును. కారణము మేము చేసిన ఒక తప్పు. దానిని ముందుగా చెప్పుకొనుట న్యాయము.

మూడేండ్ల క్రిందట, మాకు చిన్ననాట తెలుగు చెప్పిన గురువులొకరు పాఠశాలకు వచ్చిరి. అప్పటికి వారికి ఎనుబది దాటినది. చేతిలో నల్ల అట్టల నోటు పుస్తకము. ఈ ఊర మన స్త్రీలు గుమ్మముల ముందు కూర్చుండి బీడీలు చుట్టుచు పాడుకొనిన పాటలను, తల్లి నోటను, ఇరుగుపొరుగువారి నోటను విని, వారు బాల్యమునుండి అందు వ్రాసికొనుచు వచ్చిరి. మొత్తము 41 పుటలు. కొన్ని పాటలు కరీంనగరము పలుకుబడిలో నుండెను, కొన్ని పాలమూరు పలుకుబడిలో నుండెను. నడుమ నడుమ మరాఠీ మాటలు చక్కగా ఇమిడి యుండెను. మన తాతలు మగ్గము గుంటలను విడిచి ఈ ఊరికి వచ్చిన కథ ఏ చరిత్ర పుస్తకమునందును అంత స్పష్టముగా లేదు.

పుస్తకమును పాఠశాలకు ఇచ్చి వెళ్ళుడని ప్రార్థించితిమి. వారు నవ్వి, "పుస్తకం నా దిండు కిందనే ఉండాలె నాయనా. కావాలంటే ఫొటోలు తీసుకో" అనిరి.

పాఠశాలలో ఒక పాత డిజిటల్ కెమేరా కలదు. 2008 ప్రాంతమున పూర్వ విద్యార్థి ఒకరు బహూకరించినది. కిటికీ ప్రక్క బల్ల మీద పుస్తకమును విప్పి, 41 పుటలకును ఫొటోలు తీసితిమి. సాయంకాలము కావచ్చెను. కంప్యూటరు గదికి తాళము వేసియుండిరి. రేపు ఎక్కింతము లెమ్మని కెమేరాను సొరుగులో పెట్టితిమి.

ఆ రేపు రాలేదు. మేము ఎక్కించితిమని గుమాస్తాగారు అనుకొనిరి, గుమాస్తాగారు ఎక్కించిరని మేము అనుకొంటిమి. అంతలో నారళీ పూర్ణిమ వచ్చినది. మార్కండేయస్వామి రథోత్సవమునకు పిల్లలతో బయలుదేరితిమి. వీధి మలుపున కెమేరా తెరమీద 'కార్డు నిండినది' అని కనబడెను. ఫార్మాట్ మీటను నొక్కితిమి. నొక్కినది మరెవ్వరో కాదు, మేమే. రథము మరల గుడికి చేరువరకు, కార్డు మరల నిండువరకు ఫొటోలు తీసితిమి.

రెండు మాసములకు గురువుగారు స్వర్గస్థులైరి. వారి కుటుంబము ఇల్లు మారునపుడు పాత కాగితములతో ఆ నోటు పుస్తకమును పోయినది. పరామర్శకు వెళ్ళినపుడు వారి కోడలుగారు, "పుస్తకం పోతే పోయింది, మీ దగ్గర ఫొటోలున్నవి గద సారూ" అని అడిగిరి. మేము తల వంచుకొంటిమి.

ఆ కార్డును తెలిసినవారికి చూపితిమి. ఫార్మాట్ చేయగానే ఫొటోలన్నియు తుడిచిపెట్టుకొని పోవని, చాలవరకు వాటి పట్టిక మాత్రమే చెరిగిపోవునని, వెంటనే వాడుక మానియుండినచో తిరిగి రాబట్ట వచ్చునని వారు చెప్పిరి. మేమో దాని మీద మరల కార్డు నిండ ఫొటోలు తీసితిమి. అతికష్టమున మూడు పుటలు మాత్రము దొరకినవి. అందొకదానిలో క్రింది సగము బూడిదరంగు గీతలు. ఆ మూడును ఉపాధ్యాయుల గదిలో గోడకు కట్టి యున్నవి. వాటిని చూడకుండ మేము ఏ దినమును ఆ గది దాటలేము.

ఈ విషయమును మేము పలుమార్లు విచారించుకొంటిమి. కెమేరాలో లోపము లేదు, కార్డులో లోపము లేదు. ఫొటో తీయుటకును నకలు తీయుటకును నడుమ 'రేపు' అను ఒక మాట నిలిచినది. ఆ మాటను తొలగించు సాధనమేదైన కలదా యని వెదకగా వైర్‌లెస్ కార్డు మా కంటబడినది.

దీని పుట్టుక కొంచెము చెప్పుదుము. నేడు కెమేరాలలో సామాన్యముగా కనబడు ఎస్‌డీ కార్డును 1999లో మత్సుషిత, శాండిస్క్, తోషిబా అను మూడు సంస్థలు కలసి ప్రకటించినవి. ఇది ఉత్త గిడ్డంగి వంటిది. ఫొటోలు లోపల చేరును. వెలికి తీయవలెనన్న కార్డును ఊడదీయవలెను, లేదా కెమేరాకు తీగ తగిలింపవలెను. 2007లో అమెరికాలోని ఐ-ఫై అను సంస్థ అదే పరిమాణము గల కార్డులో వైఫై సాధనమునుగూడ ఇమిడ్చి విక్రయింప నారంభించెను. ఆ కార్డు ఇంటిలోని వైఫై ద్వారా ఫొటోలను కంప్యూటరునకు చేర్చెను. 2012లో తోషిబా వారి ఫ్లాష్‌ఎయిర్ కార్డు వచ్చినది. ఇది తానే ఒక చిన్న వైఫై కేంద్రమగును. మన సెల్ ఫోను దానితో కలిసినచో, కార్డులోని ఫొటోలు ఫోను తెరమీద కనబడును. వలసిన వాటిని దించుకొనవచ్చును. ఇంటర్నెట్టు లేని పల్లెలోను, రథము వెంట వీధిలోను ఈ రెండవ పద్ధతి పనికివచ్చును.

ఆ చిన్న పలకలో ఫొటోలు దాచు చిప్పు, దానిని నడపు సూక్ష్మ యంత్రము, వైఫై సంకేతములను పంపు సాధనము – మూడును కలవు. దానికి సొంత బ్యాటరీ లేదు. వలసిన విద్యుత్తును కెమేరానుండియే గ్రహించును. ఈ ఒక్క మాటను గుర్తుంచుకొనినచో, దాని కష్టసుఖములు సగము తెలిసినట్లే.

గత సంవత్సరము పూర్వ విద్యార్థి ఒకరు తాము వాడి మానిన అట్టి కార్డు నొకదానిని పాఠశాలకు ఇచ్చిరి. ఏడవ తరగతి పిల్లల ఎదుట దానిని పాత కెమేరాలో పెట్టి, నల్లబల్ల ఫొటో నొకదానిని తీసి, ఫోనులో దించి చూపితిమి. "సార్, తీగ లేకుండనే వచ్చింది!" అని ఒక బాలుడు కేకవేసెను. ఆ సంతోషములో మేమును పాలు పంచుకొంటిమి. అయినను తరువాతి నెలలలో నేర్చిన పాఠములు కొన్ని కలవు. ఇండ్లలో పాత కెమేరాలున్న వారికి ఉపయోగపడునని వరుసగా చెప్పుచున్నాము.

మొదటిది, కెమేరా వయస్సు చూడవలెను. ఆదిలో వచ్చిన ఎస్‌డీ కార్డులలో 2 గిగాబైట్ల వరకే పట్టును. 32 గిగాబైట్ల వరకు పట్టు ఎస్‌డీహెచ్‌సీ అను తరగతి 2006లో వచ్చినది. వైర్‌లెస్ కార్డులలో ఎక్కువ భాగము ఈ రెండవ తరగతికి చెందినవి. అంతకు పూర్వపు కెమేరాలు చాలవరకు వీటిని గుర్తింపజాలవు. కెమేరా మీదనో, దానితో వచ్చిన పుస్తకములోనో ఎస్‌డీహెచ్‌సీ అను గుర్తు ఉన్నదేమో ముందుగా చూచి, పిమ్మటనే డబ్బు వెచ్చింపుడు.

రెండవది, కెమేరా నిద్రపోకుండ చూడవలెను. బ్యాటరీని పొదుపు చేయుటకై పాత కెమేరాలు ఒకటి రెండు నిమిషములలో తమంత తామే ఆగిపోవును. కెమేరా ఆగినచో కార్డునకు విద్యుత్తు అందదు, ఫొటోల ప్రయాణము మధ్యలో నిలిచిపోవును. కాబట్టి ఆ గడువును వీలైనంత పెంచవలెను. నిండు బ్యాటరీతో పని మొదలుపెట్టవలెను. ఒక లెక్క చూడుడు. ఒక్కొక్క ఫొటో 4 మెగాబైట్లనుకొనుడు. 200 ఫొటోలు 800 మెగాబైట్లు. సెకనునకు ఒక మెగాబైటు చొప్పున పోయినను 800 సెకనులు, అనగా పదమూడు నిమిషములు దాటును. అంతసేపు కెమేరా మేలుకొని యుండవలెను.

మూడవది, దూరము. ఈ కార్డులోని సాధనము మిక్కిలి చిన్నది. కెమేరా ఒడలు లోహముతో చేసినదైనచో సంకేతము మరింత బలహీనమగును. కెమేరాను, ఫోనును ఒకే బల్లమీద ప్రక్కప్రక్కన ఉంచుట ఉత్తమము. మరియు ఫోను కార్డుతో కలిసినపుడు దానికి ఇంటర్నెట్టు అందకపోవుటచే, కొన్ని ఫోనులు ఆ బంధమును తామే తెంచుకొని వేరొక వైఫైకి పోవును. ఫొటోలు దిగువరకు ఫోనును కనిపెట్టుకొని యుండవలెను.

నాలుగవది, గడియారము. పాత కెమేరాలలో తేదీని నిలుపు లోపలి బ్యాటరీ క్షీణించి యుండును. పెద్ద బ్యాటరీని తీసి పెట్టినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవును. మన ఫొటోలలో కొన్నింటిమీద ఈ పాఠశాలకు కెమేరా రాకపూర్వపు సంవత్సరము పడియున్నది. తేదీ తప్పిన ఫొటోను పదేండ్ల తరువాత ఎవరు గుర్తుపట్టగలరు? ఫొటోలు తీయుటకు ముందు తేదీ సరిచూచుట అలవాటు కావలెను.

అయిదవది, రహస్య పదము. కార్డుతో వచ్చిన రహస్య పదము అందరికిని తెలిసినదే యగును. దానిని మార్చనిచో ప్రక్కవారి ఫోనునకును మన ఫొటోలు కనబడవచ్చును. మన ఫొటోలలో పిల్లలున్నారు. ఈ జాగ్రత్తను అశ్రద్ధ చేయరాదు.

ఆరవది, అన్నిటికంటె ముఖ్యమైనది. కొన్ని కార్డులలో, పంపిన ఫొటోలను తామే చెరిపి చోటు చేసికొను సదుపాయము కలదు. దానిని ఎన్నడును వాడవలదు. చెరుపుట మనిషి కన్నులతో చూచి చేయవలసిన పని. ఆ పనిని చూడక చేసిన మనిషి మీ ఎదుట నిలిచి యున్నాడు.

ఇంతవరకు కార్డు గుణములు చెప్పితిమి. ఇప్పుడు దాని హద్దు చెప్పుదుము. వైర్‌లెస్ కార్డు ఫొటోలను మోసికొని పోవు బంట్రోతు. దాచు ధర్మకర్త కాదు. దీనికి నిదర్శనముగా ఐ-ఫై కార్డుల కథయే కలదు. ఆ పాత కార్డులు పనిచేయుటకు ఆ సంస్థవారి కంప్యూటర్ల సాయము అవసరము. 2016 సెప్టెంబరు 16 తో తమ పాత కార్డులకు ఆ సాయమును నిలిపివేయుదుమని సంస్థ ఆ యేడే ప్రకటించెను. కార్డు అరగలేదు, విరుగలేదు. అయినను దానిని కొనినవారు ఒక్కసారి చిక్కున పడిరి. కెమేరాలలోనే వైఫై అమర్చి విక్రయించుట వాడుకయైన పిమ్మట ఇట్టి కార్డుల గిరాకి తగ్గిపోయినది. నేడు దొరకునవి చాలవరకు మిగిలిన సరుకు, లేదా ఇతరులు వాడి విడిచినవి. ఫోను మార్చినచో కార్డు తాలూకు పాత యాప్ పనిచేయకపోవచ్చును. కావున ఏ సంస్థ సాయమును అక్కరలేక, ఫోనులోని సామాన్య బ్రౌజరుతోనే తెరచుకొను కార్డును ఎన్నుకొనుట మేలు. అదియు దొరకనిచో విచారింపవలదు. ఫోనునకు తగిలించు చిన్న కార్డు రీడరు స్వల్ప వెలకే దొరకును. కార్డును ఊడదీసి అందు పెట్టినచో అదే పని జరుగును. కాని దానికి మనిషి పూనిక కావలెను, ఆ పూనికను రేపటికి వాయిదా వేయరాదు.

మరియొక మాట. మెమరీ కార్డు ఏదైనను చిరకాలము దాచుటకు తగినది కాదు. వాడక సంవత్సరముల తరబడి పెట్టెలో పడియున్న కార్డులో వ్రాత క్రమముగా బలహీనపడవచ్చును. 'పెండ్లి ఫొటోలు కార్డులోనే భద్రముగా నున్నవి' అని సొరుగు మూయువారు ఈ సభలో ఎందరో కలరు. ఇంటికి పోయిన వెంటనే ఆ సొరుగు తెరువుడు.

మరి ఎట్లు దాచవలెను? పీటర్ క్రో అను అమెరికను ఫొటోగ్రాఫరు ప్రచారము చేసిన సులభ సూత్రమొకటి కలదు. ప్రతులు మూడు ఉండవలెను. అవి రెండు విధములైన సాధనములలో ఉండవలెను. అందొకటి వేరొక చోట ఉండవలెను. ఇల్లు తడిసినను, కంప్యూటరు చెడినను, దొంగ పడినను ఒక ప్రతి మిగులును. సూత్రమునకు పేరు పెట్టినది ఈ కాలమువారే యైనను, అందలి బుద్ధి మనవారికి క్రొత్తది కాదు. తాళపత్రము చెదలు తినకముందే మరియొక పత్రము మీదికి ఎక్కించిన వ్రాయసకాండ్ర పుణ్యమున మన కావ్యములు నిలిచినవి. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర కడపలో పండితులను, వ్రాయసకాండ్రను కుదిర్చి, తన సొమ్ము వెచ్చించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. ఆయన సేకరించిన వ్రాతప్రతులు చెన్నపట్టణమున ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరి నేటికిని చదువరులకు అందుచున్నవి. ఒక్క ప్రతితో తృప్తిపడిన గ్రంథములెన్ని మట్టిలో కలసినవో లెక్క చెప్పువారు లేరు.

ఇది మనవంటి వారికి మరింత అవసరము. పెద్ద రాష్ట్రములో పెద్ద భాషవారి ఫొటో ఒకటి పోయినచో, అట్టిదే మరియొకటి ఏదో ఒక గ్రంథాలయమున నుండును. షోలాపురపు తెలుగువారి పాట పోయినచో దానిని దాచి యుంచిన వేరొక తావు ఏది? హైదరాబాదువారు మన పాటలను ఎరుగరు. పూనావారికి మన లిపి రాదు. మనది మనమే దాచుకొనవలెను. మగ్గము మీద ఒక పోగు తెగినచో నేతగాడు మగ్గమును ఆపి, పోగును ముడివేసి, ఆ పిమ్మటనే చేయి సాగించును. తెగిన పోగును రేపు చూతమనినచో, బట్ట పొడవునను ఆ వెలితి కనబడును. మీ తండ్రులకు తెలిసిన ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది.

కావున ఈ సంవత్సరమునుండి మన పాఠశాలలో ఒక ఏర్పాటు చేసితిమి. ఏ ఉత్సవమున ఫొటోలు తీసినను, కెమేరాను సొరుగులో పెట్టకముందే అవి ఒక ఫోనునకు చేరవలెను. ఆ వారములోనే కంప్యూటరులో ఒక ప్రతి, విడి హార్డు డిస్కులో ఒక ప్రతి ఉండవలెను. ఆ డిస్కు పాఠశాలలో నుండదు, సంఘ కార్యదర్శిగారి ఇంట నుండును. మూడవ ప్రతి ఇంటర్నెట్టు ఖాతాలో నుండును. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఇద్దరు ఒక్కొక్క ఫొటోకు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని తెలుగులో వ్రాసి పెట్టుదురు. మూడు ప్రతులును చూచితిమని ఇద్దరు సంతకము చేసిన పిమ్మటనే కార్డు ఫార్మాట్ చేయుట. మొదటి సంతకము విద్యార్థిది, రెండవ సంతకము మాది. విద్యార్థి సంతకము లేనిదే మాకును ఆ మీటను నొక్కు అధికారము లేదు.

చివరగా ఒక ప్రార్థన. గురువుగారి పుస్తకములోని 41 పుటలలో 38 పుటలు పోయినవి. కాని ఆ పాటలు పాడిన తల్లులు కొందరు నేటికిని మన వాడలలో కలరు. ఈ సభలోనే నలుగురు కూర్చుండియున్నారు. పిల్లలారా! ఈ సెలవులలో మీ ఇంటి అవ్వ ప్రక్కన కూర్చుండి, ఆమెకు వచ్చిన పాట నొకదానిని మీ చేతితో వ్రాసికొని రండు. అవ్వ ఫొటోను, కాగితము ఫొటోను ఆ పాత కెమేరాతోనే తీయుదము. మీరు గది దాటకముందే ఆ రెండును ఫోనునకు చేరును.

గోడ మీద ఆ మూడు పుటల ప్రక్కన ఖాళీ స్థలము చాల కలదు. దానిని మీరు నింపవలెను.